కార్యక్రమం ముగిసిన మర్నాడు ఎవరుంటారు? ఫైర్‌ఫాక్స్ స్వచ్ఛంద బృందాల నిర్వాహకులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన నిర్వాహకులకు నమస్కారం.

ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ పేరిట సమావేశాలు, అనువాద శిబిరాలు, బ్రౌజర్‌ను పరీక్షించి చూసే పరీక్షా దినాలు, విద్యార్థుల వర్క్‌షాపులు నడిపే స్వచ్ఛంద బృందాల బాధ్యులకూ, ఆ బృందాలకు వెన్నుదన్నుగా ఉండవలసిన, ఈ బ్రౌజర్‌ను తయారుచేసే మొజిల్లా సంస్థవారికీ కలిపి ఈ లేఖ రాస్తున్నాను. నేనూ చాలా ఏళ్లుగా తీరిక వేళల్లో ఈ బ్రౌజర్ కోసం పనిచేస్తున్నవాణ్ణే గనుక ఒక్క రోజు కార్యక్రమం వెనక ఎంత చాకిరీ ఉంటుందో ఎరుగుదును. హాలు దొరికించుకోవడం, వక్తలను ఒప్పించడం, అందరికీ సరిపడా నెట్ కనెక్షన్ ఏర్పాటు చేయడం, ఆఖరి నిమిషంలో రాలేమన్నవారి స్థానంలో మరొకరిని వెతకడం, అంతా వెళ్లిపోయాక కుర్చీలు సర్దడం, ఇదంతా మీరు ఏ ప్రతిఫలమూ ఆశించకుండా చేస్తున్నారు. మీ శ్రమ మీద నాకు ఎంతో గౌరవం ఉంది. ఆ శ్రమ వృథా కాకూడదన్న ఆరాటంతోనే ఈ మాట చెబుతున్నాను.

కార్యక్రమం జరిగే రోజు కోసం మనం చేసే ఏర్పాట్లలో పదో వంతు కూడా దాని తర్వాతి వారాల కోసం చేయడం లేదు. వచ్చినవారు చేసిన మొదటి పనిని ఎవరు చూస్తారు, ఎన్నాళ్లలో చూస్తారు, ఏమని బదులిస్తారు అన్నవి తేలకుండానే తేదీ ప్రకటిస్తున్నాం. ఇకమీదట అలా ప్రకటించవద్దని మిమ్మల్ని కోరుతున్నాను.

ఈ బ్రౌజర్‌కు జనం అండ మొదటినుంచీ ఉంది. నెట్‌స్కేప్ సంస్థ తన బ్రౌజర్ సోర్స్ కోడ్‌ను బయటపెడతామని 1998 జనవరిలో ప్రకటించి, అదే ఏడాది మార్చి 31న అన్నమాట నిలబెట్టుకుంది. ఆ కోడ్ నుంచి ఎదిగిన ప్రాజెక్టులో 2002లో ఫీనిక్స్ పేరుతో మొదలైన ప్రయోగం, రెండుసార్లు పేరు మార్చుకొని, 2004 నవంబరు 9న ఫైర్‌ఫాక్స్ 1.0గా విడుదలైంది. ఆ డిసెంబరులోనే న్యూయార్క్ టైమ్స్ పత్రికలో రెండు పేజీల ప్రకటన వచ్చింది. దాని ఖర్చును భరించింది వాడుకరులు, అభిమానులు ఇచ్చిన చందాలే. సుమారు పదివేలమంది తలా కొంత వేసుకున్నారు. 2006లో అమెరికాలోని ఓరెగన్ రాష్ట్రంలో కొందరు విద్యార్థులు ఓట్స్ ధాన్యం పండే చేలో ఫైర్‌ఫాక్స్ చిహ్నాన్ని ఆకాశం నుంచి కనిపించేంత పెద్దదిగా తీర్చిదిద్దారు. 2008 జూన్‌లో ఫైర్‌ఫాక్స్ 3 విడుదలైనప్పుడు 24 గంటల్లో 80,02,530 డౌన్‌లోడ్‌లతో గిన్నిస్ రికార్డు నమోదైంది. ఆ ఉత్సాహాన్ని తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

అయితే మన కార్యక్రమాల ఆలోచన ఇంకా ఆ కాలం దగ్గరే ఆగిపోయిందని నా అభిప్రాయం. అప్పటి అవసరం వేరు. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ తప్ప మరో బ్రౌజర్ ఉంటుందని చాలామందికి తెలియని రోజుల్లో పేరు నలుగురి నోట పడటమే పెద్ద పని. సందడి చేస్తే ఆ పని జరిగేది. ఈనాడు ఫైర్‌ఫాక్స్ పేరు తెలియనివారు తక్కువ, వాడేవారు ఇంకా తక్కువ. ఒకప్పుడు మూడో వంతుకు దగ్గరగా వెళ్లిన వాటా ఇప్పుడు కొద్ది శాతానికి పడిపోయింది. ఒపెరా బ్రౌజర్ 2013లో తన సొంత ఇంజన్‌ను వదిలి, గూగుల్ క్రోమ్‌కు ఆధారమైన క్రోమియం వైపు వెళ్లింది. మైక్రోసాఫ్ట్ కూడా అదే దారి పడుతున్నట్టు 2018 డిసెంబరులో ప్రకటించింది. వెబ్ పేజీని తెరమీద చూపించే ప్రధాన ఇంజన్లు ఇప్పుడు మూడే మిగిలాయి. వాటిలో బ్లింక్ వెనక గూగుల్, వెబ్‌కిట్ వెనక ఆపిల్ ఉన్నాయి. ఏ మహా సంస్థ చేతిలోనూ లేనిది ఫైర్‌ఫాక్స్‌ను నడిపే గెకో ఒక్కటే. వెబ్‌సైట్లు తయారుచేసేవారు క్రోమ్‌లో మాత్రమే సరిచూసుకొని వదిలేస్తున్న కాలంలో గెకోకు కావలసింది చప్పట్లకన్నా ఓపికగా పట్టి చూసే కళ్లు. తప్పు ఎక్కడుందో వెతికేవారు, దాన్ని అర్థమయ్యేలా రాసేవారు, అనువాదాన్ని సరిచూసేవారు, దారి తెలియక అడిగిన వాడుకరికి బదులిచ్చేవారు కావాలి. అలాంటివారిని తయారు చేయని కార్యక్రమం ఎంత ఘనంగా జరిగినా నా దృష్టిలో సగమే జరిగినట్టు.

మామూలుగా మన దగ్గర ఏం జరుగుతున్నదో మీకు తెలియనిది కాదు. ఉదయం ఓపెన్ సోర్స్ గురించి ఒక ఉపన్యాసం, తర్వాత మొజిల్లా చరిత్ర, మధ్యాహ్నం అందరిచేతా ఖాతాలు తెరిపించి తలా రెండు మూడు వాక్యాలు అనువదింపజేయడం, చివరికి టీషర్టులు, స్టిక్కర్లు, గ్రూప్ ఫొటో. నివేదికలో హాజరైనవారి సంఖ్య వేస్తాం. అక్కడితో మన పని అయిపోతుంది. వచ్చినవారి పని మాత్రం అప్పుడే మొదలవుతుంది. పాంటూన్ అనే అనువాద వేదికలో కొత్తవారు రాసినది నేరుగా బ్రౌజర్‌లోకి చేరదు. అది సూచనగా మాత్రమే నమోదవుతుంది. ఆ భాషలో అనుమతి ఉన్న అనువాదకులెవరైనా చూసి ఆమోదించాలి, లేదా తిరస్కరించాలి. ఒక్క మధ్యాహ్నంలో నలభైమంది కూర్చొని వందలకొద్దీ సూచనలు చేరిస్తే, వాటిని చూడవలసినవారు ఆ భాషకు ఒకరో ఇద్దరో ఉంటారు. వారూ ఉద్యోగాలు చేసుకుంటూ రాత్రివేళ ఈ పని చేసేవారే. సూచనలు నెలల తరబడి అలాగే పడి ఉంటాయి. రాసిన విద్యార్థి మర్నాడు చూస్తాడు, వారం తర్వాత చూస్తాడు, ఆపైన చూడటం మానేస్తాడు. ఫిర్యాదు చేయడు, కోపగించుకోడు, చడీచప్పుడూ లేకుండా వెళ్లిపోతాడు. అందుకే మనకు జరిగిన నష్టం ఏ నివేదికలోనూ కనిపించదు.

తిరస్కరణకు గురైనవారి సంగతి ఇంకా బాధ కలిగిస్తుంది. ఎందుకు తిరస్కరించారో ఒక్క వాక్యం రాస్తే ఆ మనిషి తర్వాతి వాక్యాన్ని మెరుగ్గా రాస్తాడు. కారణం లేకుండా వచ్చిన తిరస్కరణ, నువ్వు దీనికి పనికిరావని చెప్పినట్టే అతనికి వినిపిస్తుంది. సమీక్షకులకు ఆ ఒక్క వాక్యం రాసే తీరిక మిగలాలంటే, వారి ముందు ఎంత పని కుప్పపోయాలో మనం ముందే లెక్క చూసుకోవాలి. నలభైమందిని పిలవగలిగినా పన్నెండుమందినే పిలవడం మంచిదని నేను అనేది అందుకే.

పని నిజంగా సాగిన ఒక సమావేశం గురించి కాస్త వివరంగా చెబుతాను. అక్కడికి వచ్చినవారిలో ప్రోగ్రామింగ్ ఏమాత్రం రాని ఒక విద్యార్థిని ఉంది. తాను రోజూ చూసే ఒక వెబ్‌సైట్‌లో పట్టిక కిందికి జరిపినప్పుడల్లా పై వరుస కదిలిపోతున్నదని, కొన్ని నెలల కిందట అలా ఉండేది కాదని ఆమె చెప్పింది. అక్కడున్న అనుభవజ్ఞుడు ఆమెకు కోడ్ గురించి ఒక్క ముక్క కూడా చెప్పలేదు. మొదట కొత్త ప్రొఫైల్‌లో ఆ పేజీ తెరిపించి, పొరపాటు ఆమె పెట్టుకున్న యాడ్ఆన్‌ల వల్ల కాదని నిర్ధారించుకున్నాడు. తర్వాత మోజ్‌రిగ్రెషన్ అనే పరికరాన్ని ఆమె లాప్‌టాప్‌లో పెట్టించాడు. బాగా పనిచేసిన ఒక పాత తేదీ, చెడిపోయి కనిపిస్తున్న ఈనాటి తేదీ ఇస్తే చాలు. రెంటికీ సరిగ్గా నడిమి తేదీన తయారైన నైట్లీని, అంటే పరీక్ష కోసం రోజూ తయారయ్యే ఫైర్‌ఫాక్స్‌ను, ఆ పరికరమే దించి తెరుస్తుంది. పేజీ చూసి బాగుందో చెడిందో ఒక్క మాట చెప్పాలి. ఆ జవాబుతో మిగిలిన కాలం సగానికి తగ్గుతుంది, మళ్లీ నడిమి తేదీ తెరుచుకుంటుంది. ఏడాది కాలమంతా ఇలా తొమ్మిదిసార్లలో ఒక్క రోజుకు కుదించుకుపోతుంది. ఆ రోజులోని మార్పుల మధ్య ఇంకొంత వెతికితే తప్పు ఏ మార్పుతో మొదలైందో దాదాపుగా తేలిపోతుంది.

ఆమె దాన్ని బగ్‌లను, అంటే బ్రౌజర్‌లోని తప్పులను, నమోదు చేసే బగ్‌జిల్లా అనే వేదికలో రాసింది. ఏం చేస్తే తప్పు కనిపిస్తుంది, ఏం కనిపించాలి, ఏం కనిపిస్తున్నది, ఏ మార్పు దగ్గర మొదలైంది అన్న నాలుగు విషయాలూ అందులో ఉన్నాయి. ఆ మార్పు చేసిన ఇంజనీరుకు నేరుగా కబురు వెళ్లింది. గంటలకొద్దీ వెతకవలసిన పని ఆయనకు తప్పింది. ఆమెను కట్టి ఉంచింది టీషర్టు కానే కాదు. తాను రాసినదాన్ని ఆ ఇంజనీరు చదివి, ఇంకో వివరం అడిగి, సరిచేసిన తర్వాత ఒకసారి చూసి చెప్పమన్నాడు. ఈ వరుసలో ఎక్కడా పెద్ద ఉపన్యాసం లేదు. ఉన్నదల్లా ఆమె పక్కన కూర్చున్న ఒక మనిషి, ఆ తర్వాతి వారంలో బగ్ పేజీ తెరిచి అడిగినదానికి ఎలా బదులివ్వాలో ఆమెకు చెప్పిన అదే మనిషి. ఆ రెండో సాయం చేయడానికి ఎవరినీ నియమించకపోవడమే మన కార్యక్రమాల్లోని పెద్ద లోటు.

కోడ్ రాయాలని ఉత్సాహపడేవారి విషయంలో మరికొంత ముందుచూపు కావాలి. ఫైర్‌ఫాక్స్ సోర్స్ కోడ్ చిన్నది కాదు. హాలులో అందరూ ఒకేసారి దాన్ని దించుకోబోతే రోజంతా ఆ పనికే సరిపోతుంది, సాయంత్రానికి చేతిలో ఏమీ మిగలదు. వచ్చేవారికి వారం ముందే సూచనలు పంపి, ఇంటి దగ్గరే సోర్స్ కోడ్ దించుకొని సిద్ధం చేసుకొని రమ్మనాలి. సీ ప్లస్ ప్లస్, రస్ట్ భాగాలను తమ కంప్యూటర్ మీద నిర్మించుకునే అవసరం లేకుండా, ముందే తయారైనవాటిని దించుకొని వాడే ఆర్టిఫాక్ట్ బిల్డ్ పద్ధతిని నేర్పాలి. దానితో బ్రౌజర్ పైకి కనిపించే భాగాల్లో చేసిన మార్పును మామూలు లాప్‌టాప్ మీద కూడా త్వరగానే చూసుకోవచ్చు.

కొత్తవారికోసం గుర్తుపెట్టి ఉంచిన తేలిక బగ్‌ల సంగతి కూడా జాగ్రత్తగా చూడాలి. గదినిండా ఉన్నవారికి ఆ జాబితా చూపించి వదిలేస్తే, ఒకే బగ్ కింద పదిమంది నేను చేస్తానంటూ రాసి, ఒక్కరూ ముగించకపోవడం మనం చూస్తూనే ఉన్నాం. ఆ బగ్‌కు మార్గదర్శిగా పేరిచ్చిన ఇంజనీరు పదిమందికీ బదులిచ్చి అలసిపోయి, తర్వాతిసారి మార్గదర్శిగా ఉండటానికే జంకుతాడు. అందువల్ల కార్యక్రమానికి ముందే ఆ మార్గదర్శులకు రాసి, ఎవరు ఎన్ని ప్యాచ్‌లు, అంటే కోడ్‌లో మార్పుల ప్రతిపాదనలు, చూడగలరో అడిగి, అంతమందికే ఆ పని ఇవ్వాలి. మిగిలినవారికి పరీక్ష, అనువాదం, వాడుకరుల సందేహాలు తీర్చే సహాయ వ్యాసాలు ఉన్నాయి. అవి కోడ్ రానివారి కోసం పక్కకు నెట్టిన పనులన్న భావం మన మాటల్లో ఎక్కడా ధ్వనించకూడదు. మోజ్‌రిగ్రెషన్‌తో ఆ విద్యార్థిని చేసినది ఏ ప్యాచ్‌కూ తీసిపోదు.

సరైన తోడు దొరికితే ఫలితం ఎంత త్వరగా కనిపిస్తుందో కొత్తవారికి చెప్పడం కూడా మనం మరిచిపోతున్నాం. ఆమోదం పొందిన మార్పు ఒకటి రెండు రోజుల్లోనే నైట్లీలో కనిపిస్తుంది. సుమారు నాలుగు వారాలకొక కొత్త విడుదల వస్తుంది గనుక మరికొద్ది వారాల్లో అది కోట్ల మంది కంప్యూటర్లకు చేరుతుంది. మొదటిసారి కోడ్ అందించినవారికి విడుదల గమనికల్లో స్వాగతం పలికే మంచి సంప్రదాయం కూడా ఫైర్‌ఫాక్స్‌లో ఉంది. ఏ బహుమతి ప్రదానమూ దానికి సాటిరాదు.

ఇక మొజిల్లా సంస్థవారికి కొన్ని మాటలు. స్థానిక బృందాల ప్రతినిధుల కోసం మీరు 2011లో రెప్స్ కార్యక్రమాన్ని ప్రారంభించారు. దానివల్ల ఎన్నో చోట్ల బృందాలు నిలదొక్కుకున్నాయి. కానీ కార్యక్రమాన్ని కొలిచే అలవాటు మాత్రం తల లెక్క దగ్గరే ఉండిపోయింది. ఎంతమంది వచ్చారని అడిగితే నిర్వాహకులు ఎక్కువమందిని రప్పించడానికే పాటుపడతారు. మూడు నెలల తర్వాత వారిలో ఎంతమంది ఇంకా పనిచేస్తున్నారు, వారి పనిలో ఎంత భాగానికి బదులు వచ్చింది అని అడిగితే నిర్వాహకుల శ్రద్ధ అటే మళ్లుతుంది. ఆ ప్రశ్న మీరు అడగాలి. అడిగి, దానికి తగ్గట్టుగా సమీక్షకుల సమయాన్ని కూడా కేటాయించాలి. స్వచ్ఛంద కార్యకర్తల ప్యాచ్‌లు చూడటం ఇంజనీర్ల ఉద్యోగ బాధ్యతల్లో ఒకటిగా లెక్కకు రాకపోతే, ఎంత మంచి మనసున్నవారికైనా అది వాయిదా పడే పనే అవుతుంది. 2020 ఆగస్టులో సుమారు 250 మంది ఉద్యోగులను తొలగించినప్పుడు ఉద్యోగాలు మాత్రమే పోలేదు. ఉద్యోగి వెళ్లిపోతే అతను మార్గదర్శిగా ఉన్న బగ్‌ల కింద బదులిచ్చేవారూ ఉండరు. సిబ్బందిని తగ్గించక తప్పని పరిస్థితి వచ్చినా, ఎవరి చేతికింద ఏ వాలంటీర్లు ఉన్నారో చూసి వారిని మరొకరికి అప్పగించే పద్ధతి ఒకటి ఉండితీరాలి.

2025 నవంబరులో జపనీస్ సహాయ వ్యాసాల బృందంలో జరిగినదాన్ని కూడా ఇక్కడ ప్రస్తావించక తప్పదు. యంత్రానువాదం చేసే బాట్‌ను, అంటే దానంతటదే పనిచేసే ప్రోగ్రామ్‌ను, ప్రవేశపెట్టాక, మనుషులు ఏళ్ల తరబడి తీర్చిదిద్దుకున్న వ్యాసాల మీద ఆ అనువాదాలు వచ్చి పడ్డాయని, తమ శైలి నియమాలను అవి పాటించలేదని చెప్పి, అక్కడ దీర్ఘకాలం పనిచేసిన నాయకుడు తప్పుకున్నారు. తన అనువాదాలను యంత్రాలకు శిక్షణ ఇవ్వడానికి వాడవద్దని కూడా కోరారు. యంత్రానువాదం అసలే వద్దని నేను అనను. ఒక్కరు కూడా పనిచేయని భాషలో అది కొంత ఉపయోగపడుతుంది. కానీ బృందం సజీవంగా ఉన్న చోట, ఆ బృందాన్ని ముందుగా సంప్రదించి, వారు సరేనన్న తర్వాతే, వారు సరేనన్న మేరకే ప్రవేశపెట్టాలి. మనిషి రాసినదాన్ని మనిషి చూసి మార్చితే దాన్ని సమీక్ష అంటాం. ఎవరూ చూడకుండా తుడిచి మరొకటి పెడితే, రేపు కార్యక్రమానికి పిలిచే కొత్తవారికి మనం ఏ ముఖంతో పని ఇవ్వగలం? మీరు శ్రద్ధగా రాయండి, మీ రాతకు విలువ ఉంటుంది అని ఏ ధైర్యంతో హామీ ఇవ్వగలం?

నిర్వాహకులకు మరో రెండు విషయాలు చెప్పి ముగిస్తాను. హాలుకు రాలేనివారిని మరిచిపోకండి. ప్రయాణం చేయలేనివారు, ఇంట్లో ఎవరినో చూసుకోవలసినవారు, తెరమీది రాతను చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌తో బ్రౌజర్ వాడే దృష్టి లోపం ఉన్నవారు మన పరీక్షా దినాల్లో ఎంతో విలువైన పని చేయగలరు. స్క్రీన్ రీడర్‌కు సరిగా వినిపించని బటన్‌ను రోజూ దానితోనే పనిచేసేవారు ఇట్టే పట్టుకుంటారు. వారికోసం ఆన్‌లైన్‌లో అదే రోజు, అదే పని, అంతే శ్రద్ధగల తోడు ఏర్పాటు చేయండి. రెండోది మీ గురించే. ఒక బృందంలో అన్నీ ఒకరి భుజాల మీదే పడితే ఆ ఒకరు అలసిపోయిన రోజున బృందమే ఆగిపోతుంది. పాంటూన్‌లో ఆమోదించే అనుమతిని, బగ్‌జిల్లాలో వివరాలు మార్చే అనుమతిని నమ్మకమైన కొత్తవారికి త్వరగా ఇప్పించండి. వారు తప్పు చేస్తే సరిదిద్దవచ్చు. మీరు అలసిపోయి వెళ్లిపోతే ఆ నష్టాన్ని పూడ్చడం కష్టం.

నేను కోరేది ఇదీ. తర్వాతి కార్యక్రమం ప్రకటనలో తేదీ, వేదిక, వక్తల పేర్లతో పాటు ఇంకో వరుస చేర్చండి. ఆ రోజు చేసిన పనిని ఎవరు సమీక్షిస్తారో, ఎన్ని రోజుల్లోగా బదులిస్తారో, ఆ తర్వాతి నాలుగు వారాలూ కొత్తవారి ప్రశ్నలకు ఎవరు అందుబాటులో ఉంటారో వారి సమ్మతితో అందులో రాయండి. ఆ వరుస నింపడానికి మనుషులు దొరకకపోతే దొరికేదాకా తేదీని వాయిదా వేయండి. మొజిల్లా సంస్థవారు ఏ కార్యక్రమానికి సాయం అందించాలన్నా మొదట ఆ వరుసనే అడగండి. నా వంతుగా అనువాదం, బగ్‌ల నిర్ధారణ ఈ రెండు పనుల్లో ఏ బృందం అడిగినా కార్యక్రమం తర్వాతి నాలుగు వారాలు సమీక్షకు కూర్చోవడానికి సిద్ధంగా ఉన్నాను.

భవదీయుడు,
ఒక ఫైర్‌ఫాక్స్ స్వచ్ఛంద కార్యకర్త